తోడికోడలి సీసా వెంట వనపర్తి దాకా

గద్వాల వెళ్ళింది చీర కోసమని ఊళ్ళో అందరికీ చెప్పాను. చీర కొన్నాను కూడా, కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ అసలు వెళ్ళింది మా తోడికోడలు మంజుల తన షర్బత్‌లో ఏం కలుపుతుందో కనిపెట్టడానికి. ఇప్పుడిక దాచి లాభం లేదు గనక చెప్పేస్తున్నాను.

తెనాలిలో మాకో చిన్న కంపెనీ ఉంది. కంపెనీ అంటే నేను, మా ఆయన, ముగ్గురు ఆడవాళ్ళు, ఇంటి వెనక ఒక షెడ్డు. పళ్ళ రసాల్లో ఉసిరి, అల్లం, తులసి, తిప్పతీగ కలిపి, మరగబెట్టి, సీసాల్లో పోసి అమ్ముతాం. పేరు 'ఫలసుధాసారం'. ఎంతో ఆలోచించి నేనే పెట్టాను. ఎవరికీ నోరు తిరగక "ఆ పచ్చమూత సీసా ఇవ్వండి" అని అడుగుతారు.

మంజుల మా మరిది భార్య. వనపర్తి పిల్ల. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లోనే ఉండి ఈ పనంతా నా దగ్గరే నేర్చుకుంది. తర్వాత మొగుణ్ణి వెంటబెట్టుకుని పుట్టింటి ఊరు వెళ్ళి అక్కడ తనూ ఓ కంపెనీ పెట్టింది. దాని షర్బత్ పేరు 'సల్లగుండు'. చల్లగా ఉండు అని వాళ్ళ పెద్దవాళ్ళు దీవించే మాట. మా బజార్లో ఆ సీసా మొదట దిగినప్పుడు "గుండేంటండీ, తిరపతి గుండా?" అని జనం నవ్వుకున్నారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. ఆ వేసవి ముగిసేసరికి ఊళ్ళో ఏ పెళ్ళికెళ్ళినా అదే షర్బత్.

ఈ ఏడు ఎండలు మొదలవుతూనే మా హోల్‌సేల్ కొట్టాయన కబురుపెట్టాడు. "అమ్మా, మీ సరుకు ఎవరూ అడగటం లేదు. వాళ్ళదానికి దీటుగా ఏమన్నా తెస్తే సరే, లేదా మీ అర వాళ్ళకిచ్చేస్తాను. ఉగాది లోపల చెప్పండి" అన్నాడు. ఆ కొట్లో ఆ ఒక్క అర పోతే మాకు వేసవి పోయినట్టే. వేసవి పోతే షెడ్డుకి తాళం వేసుకోవాలి.

సల్లగుండు సీసా ఒకటి కొని ఇంటికి తెచ్చి రుచి చూశాను. మామిడి తెలుస్తోంది. బెల్లం, నిమ్మ తెలుస్తున్నాయి. వాటి వెనకాల ఏదో చల్లని వాసన ఉంది, అదే అంతుపట్టలేదు. చీటీ మీద 'మూలికల సారం' అని మాత్రం వేసి ఊరుకున్నారు. మా ఆయన గ్లాసు ఖాళీ చేసి, "కాస్త పొయ్యి, మళ్ళీ చూస్తాను" అన్నాడు. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

గద్వాల

గద్వాలలో పొద్దున్నే బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మా దగ్గర మరమరాలంటే సాయంత్రం పిల్లలు గుప్పెట్లో పోసుకు తినేవి. ఇక్కడ వాటిని నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పల్లీల పొడి చల్లి టిఫినంటారు. బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టమైంది, ఎందుకంటే అప్పటికే మంజుల వాళ్ళ పాలమూరు వైపు ఏదీ బాగుండకూడదని నిశ్చయించుకుని ఉన్నాను.

తెలిసినవాళ్ళు చెప్పిన నేతవాళ్ళ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఆ ఇంటావిడ "బన్రీ, బన్రీ" అంది. ఆవిడది రాయచూరు వైపు, రండి రండి అని కన్నడంలో పిలవడమన్నమాట. గుంట మగ్గంలో కూర్చుని ఆవిడ భర్త నేస్తున్నాడు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకీ పట్టుకీ అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చూసినా నాకు తెలియలేదు. మా మేనకోడలికి ముదురాకుపచ్చ మీద ఎర్రంచు చీర ఒకటి తీశాను. బేరమాడాను గాని ఆయన నవ్వి మళ్ళీ మగ్గంలో నాడె అటూ ఇటూ విసురుకున్నాడు. ఆ నవ్వుతోనే నేను దిగొచ్చాను.

చీర మడత పెట్టి ఆవిడ లోపలికెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాసన ముక్కుకి తగిలింది. సల్లగుండు! తెనాలి నుంచి ఇంత దూరం వస్తే మొదటి ఇంట్లోనే అది నా చేతిలోకొచ్చింది.

"మంచిగుంటది, తాగండ్రి. మగ్గంల కూసుంటె పొద్దంత ఒళ్ళు కాలుతది. మా ఆయనకు ఇది లేంది నడ్వది" అంది ఆవిడ.

"దీన్లో ఏం కలుపుతారో!" అన్నాను, ఊరికే అడిగినట్టు.

మగ్గం మీంచి ఆయనే జవాబిచ్చాడు. "మారేడు ఏస్తరంట. మా బామ్మర్ది వనపర్తికి బండి తోల్తడు. మారేడు బస్తలకు బస్తలు దించుతరంట ఆడ."

మారేడు! శివుడికి పత్రి వేస్తాం, ఆ మారేడు. పండు గుజ్జు వేసవిలో కడుపుకి చలవని మా నాయనమ్మ కూడా చెప్పేది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదే అని నన్ను నేనే తిట్టుకున్నాను. దొరికావే మంజులా అనుకున్నాను కూడా.

బయల్దేరుతుంటే ఆ ఇంటి ముసలమ్మకి నమస్కారం పెట్టాను. ఆవిడ నా నెత్తిన చెయ్యి వేసి "సల్లగుండు బిడ్డా" అంది. ఆ ఊళ్ళో ఉన్నంతసేపూ ఈ మాట ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అంటూనే ఉన్నారు. ఏ కంపెనీకి దొరుకుతుంది చెప్పండి, పైసా ఖర్చు లేకుండా ముసలమ్మలందరూ ప్రచారం చేసే పేరు! నా 'ఫలసుధాసారం' అని దీవించే ముసలమ్మ ఈ భూప్రపంచంలో లేదు.

పెబ్బేరు సంత

మర్నాడు పెబ్బేరులో పశువుల సంత. ఎద్దులు, బర్రెలు, మేకలు, దుమ్ము. ఒకచోట ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపి, మీద తువ్వాలు కప్పుకుని మౌనంగా నిలబడ్డారు. ఏంటా అని చూస్తే బేరమట. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకూడదని. మా వైపు బేరమంటే వీధి వీధంతా వినపడాలి. నాకు ఈ పద్ధతి నచ్చింది. నేను వచ్చిన పని కూడా అలాంటిదే మరి.

సంత చివర ఒకాయన గోనెసంచి మీద కాయలు పోసుక్కూర్చున్నాడు. వాటిలో మారేడు పళ్ళు కనబడగానే పరుగులాంటి నడకతో వెళ్ళాను.

"అన్నీ ఇచ్చెయ్యండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గిన్ని ఏం జేస్తవమ్మా?"

"పూజకి."

"పూజకు ఆకు గావాలె గని, పండెందుకు?"

"పెద్ద పూజ" అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, సంచీలో వేసిచ్చాడు.

వనపర్తి బస్సు ఎక్కాక ఇంకో కడుపుమంట. ఆడవాళ్ళందరూ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటున్నారు. నేనూ దర్జాగా నా కార్డు చూపించాను. కండక్టరమ్మ చదివి తిరిగిచ్చేసింది. "ఇది ఆంధ్రది మేడం. ఈడ నడ్వది." బస్సంతా ఆడవాళ్ళే, డబ్బులిచ్చిన ఆడది నేనొక్కదాన్ని. అందరూ నన్ను జాలిగా చూశారు.

ఆ జాలి చాలనట్టు, మలుపులో సంచీ తెగింది. మారేడు పళ్ళంటే ఏమనుకున్నారు, ఒక్కొక్కటి గుండ్రాయిలా ఉంటుంది. అవి బస్సు ముందు దాకా దొర్లుకుంటూ పోయాయి. ఒకటి డ్రైవర్ సీటు కిందకి పోయింది. "ఏంది ఇవి, తోపు గుండ్లా?" అని ఆయన వెనక్కి తిరిగి కేకేశాడు. పాపం ఆడవాళ్ళంతా వంగి ఏరి ఇచ్చారు. పక్క సీటామె తన చెంగు చింపినంత పని చేసి, చివరికి తన తుండుగుడ్డలో మూట కట్టిపెట్టింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు, నా ధ్యాసంతా పళ్ళ మీదే.

వనపర్తి

మంజులకి ముందే చెప్పాను, చీర కొనుక్కుని అటు వస్తానని. బస్టాండుకి తనే వచ్చింది. నాలుగేళ్ళలో కాస్త ఒళ్ళు చేసింది, చేతికి వాచీ పెట్టుకుంది. నన్ను చూడగానే మూట లాక్కుంది.

"ఏంది అక్కా, రాళ్ళు మోస్కొస్తున్నవా?"

"ఏవో పళ్ళులే" అన్నాను.

కంపెనీ ఊరి బయట. పెద్దదేం కాదు, మా షెడ్డుకి రెండింతలుంటుందేమో. కానీ నేల కడిగి మెరుస్తోంది. స్టీలు గంగాళాలు, సీసాలు కడిగే యంత్రం, గోడ పక్కన కొల్లాపూర్ మామిడి గుజ్జు డబ్బాలు. ఆడవాళ్ళందరూ తలకి గుడ్డ కట్టుకుని పనిలో ఉన్నారు. మంజుల నా చెయ్యి పట్టుకుని అందరికీ చూపించింది. "ఈమెనే మా అక్క. ఈ పనంత ఈమె కాడనే నేర్చుకున్న."

"తెలుసమ్మా, రోజు మీ ముచ్చటే జెప్తది" అన్నారు వాళ్ళు.

ఇదీ నాకు గిట్టలేదు. నా దగ్గర నేర్చుకుని నన్ను మర్చిపోయిందని ఊళ్ళో చెప్పుకుందామనుకుంటే, ఆ ఒక్క ఫిర్యాదు కూడా మిగల్చలేదు.

అప్పుడే లోపల్నుంచి ఒకామె కేకేసింది. "మంజులక్కా, మారేడు ఇంక నానబెట్టాల్నా?" కేకేస్తూ చేతిలో గోధుమరంగు గడ్డ ఒకటి ఎత్తి చూపించింది. అది వేరులా పొడుగ్గా ఉంది. ఆ వాసన గుప్పుమంది. అదే, ఆ చల్లని వాసన.

"అదేంటి?" అన్నాను.

"మారేడు" అంది మంజుల.

"మారేడంటే పండు కదా?"

మంజుల ఆ గడ్డ వంక చూసింది. నా మూట వంక చూసింది. నా మొహం చూసింది. మూట పైనుంచి ఒక పండు తొంగి చూస్తోంది. ఫక్కున నవ్వితే బాగుండేది, నేనూ తిట్టి నవ్వేసేదాన్ని. నవ్వలేదు.

"మారేడు గడ్డ అక్కా. మీ దిక్కు నన్నారి అంటరు సూడు, అదే. అమ్రాబాద్ అడవి దిక్కు చెంచోళ్ళు తెస్తరు. ఈడ అందరు మారేడనే అంటరు" అంది నెమ్మదిగా.

నన్నారి! కిరాణా కొట్లో సీసాల్లో అమ్మే నన్నారి. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

తర్వాత మంజుల నాకు అన్నీ చూపించింది. గడ్డని దంచి, లోపలి ఈనె తీసి పారేసి, పై తొక్కు మాత్రం గోరువెచ్చటి నీళ్ళలో నానబెడతారు. ఈనె వేస్తే చేదు. మరగనివ్వరు, మరిగితే వాసన పోతుంది. వడకట్టిన ఆ నీళ్ళు గుజ్జులో చివర్న కలుపుతారు. ఏదీ దాచలేదు, అడక్కుండానే ఓ చిన్న సీసాలో ఆ సారం పోసి నా సంచీలో పెట్టింది. కాస్త దాచిపెడితే దొంగిలించిన తృప్తయినా నాకు దక్కేది.

మా మరిది జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించాడు. అవును, మరిదే. తెనాలిలో మంచినీళ్ళ గ్లాసు కూడా తను ఎత్తుకోని మనిషి. "వదినా, ఇంకో రొట్టె ఏస్తా" అన్నాడు, వాళ్ళ యాసలో. అన్నం లేకుండా భోజనం చేసి లేచే ఇల్లు మా వంశంలో ఇదే మొదటిది. పుంటికూరంటే మన గోంగూరే. మనం చేసినట్టు కాదుగాని, నేను రెండుసార్లు వేయించుకున్నాను.

కొల్లాపూర్

మర్నాడు మామిడితోట చూపిస్తానని కొల్లాపూర్ తీసుకెళ్ళింది. తోట రైతు పెద్దాయన, నెత్తికి రుమాలు చుట్టుకుని మాకు ఎదురొచ్చాడు. నేనూ షర్బత్ చేస్తానని చెప్పి, "మాకూ కాయ ఇస్తారా?" అని అడిగాను.

"ఇస్తం తల్లీ, ఎందుకియ్యం. గని ముందుగాల మంజులమ్మకు. ఆమె తీస్కున్నంక మిగిలితె మీకు" అన్నాడు.

"పోయిన యేడు గాలివాన కొట్టి కాయంత రాలింది అక్కా. రాలిన కాయ గూడ నేనే తీస్కున్న. గందుకే పాపం గట్లంటడు" అంది మంజుల.

దగ్గర్లో కృష్ణ ఒడ్డున చేపలు వేయించి ఇస్తే తిన్నాం. కృష్ణమ్మ ఇక్కడ వెడల్పుగా, తీరుబడిగా ఉంది. మా తెనాలి కాలవల్లోకి వచ్చేది ఈ నీళ్ళే. అంటే నీళ్ళు కూడా వీళ్ళు చూసి వదిలాకే మాకొస్తాయన్నమాట. కోపంతో ముల్లు గొంతులో గుచ్చుకుంది. మంజుల వీపు మీద చరిచింది.

"అక్కా, ఒక మాటంట. కోపం జేస్కోవు గద?"

"చెప్పు."

"మీ హోల్‌సేలాయన నాకు ఫోన్ జేసిండు. మీ అర మాకిస్తనన్నడు. ఆ దినంకెల్లి నాకు పరేషాన్‌గ ఉంది. ఎట్ల తీస్కుందు చెప్పు?"

నేను చేప ముళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

"ఈడికెల్లి ఆడికి పంపితె తొవ్వలనే సీసాలు పగుల్తున్నయ్. నువ్వే తెనాల్ల చెయ్యి. గడ్డలు పంపుత, గుజ్జు పంపుత. మనుషులు, షెడ్డు నీకు ఉండనే ఉన్నయ్. అర ఎవ్వరికి పోదు."

"పేరు?"

ఇక్కడ కాసేపు నీళ్ళ వంక చూసింది. "పేరు సల్లగుండే ఉండాలె అక్కా. పేరు జూసే కొంటుండ్రు."

"అంటే నీ దగ్గర కూలికి చెయ్యమంటావు."

"కూలేంది అక్కా! ఇంకోలకైతె ఇస్తనా? నీ చెయ్యి నాకు తెల్వదా?"

ఆలోచిస్తానన్నాను. లోపల మాత్రం చచ్చినా చెయ్యననుకున్నాను. గుట్టు తెలిసిపోయిందిగా. నన్నారి గడ్డ ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని నా ఫలసుధాసారంలో కలిపి, నా పచ్చమూత బిగించి, నా పేరుతోనే ఆ అర నిలబెట్టుకుంటాను. ఆ పూట చేప ఎంత రుచిగా ఉందో అప్పుడు తెలిసింది నాకు.

నాగర్‌కర్నూల్

నన్ను నాగర్‌కర్నూల్ బస్టాండులో దింపి మంజుల వెళ్ళిపోయింది. బస్సుకి ఇంకా టైముంది. సంచీలో ఇంటి నుంచి తెచ్చిన ఫలసుధాసారం సీసా ఉంది. మంజుల ఇచ్చిన సారమూ ఉంది. నాకు ఆగలేదు. బెంచీ మీదే కాగితం గ్లాసులో రెండూ కలిపాను.

పక్కన మూటలతో ఒకావిడ కూర్చుని ఉంది. నా ఈడుదే. కొడుకూ కోడలితో కలిసి పట్నంలో ఇళ్ళ పనికి పోతోందట. "కొంచెం రుచి చూసి చెప్తారా?" అని గ్లాసు ఇచ్చాను.

ఆవిడ తాగింది. మొహం కాస్త ముడిచింది. "దగ్గు మందా అక్కా?"

ఆవిడ నా మొహం చూసి గాభరా పడింది. "ఊకె అన్న అక్కా. మంచిగనే ఉంది. పానానికి మంచిదేనేమో, జర చేదుంది గంతే."

తులసి, తిప్పతీగ, ఉసిరి, అల్లం. ఒకదాని మీద ఒకటి అన్నీ పెంచుకుంటూ పోయాను, ఎక్కువ వేస్తే ఎక్కువ మేలని. వాటి కింద నన్నారి చచ్చిపోయింది. వాటి కింద ఏది వేసినా చస్తుంది. దారిలో తాగమని మంజుల పెట్టిన సల్లగుండు సీసా తీసి ఇంకో గ్లాసులో పోసి ఇచ్చాను. ఆవిడ ఒక్క గుక్కలో తాగేసి, "ఇది మస్తుంది. వానికి గూడ జర పొయ్యి" అని కొడుకు వైపు చూపించింది. నేనేం కష్టపడి చేశానో, ఎన్ని మూలికలు వేశానో ఆవిడకి చెప్పాలనిపించింది. దాహమేసిన మనిషికి అవన్నీ ఎందుకు? మిగతా సీసా వాళ్ళకే ఇచ్చేశాను. బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయారు.

బెంచీ మీద కూర్చుని ఏడుపొస్తే ఏడ్చాను. బస్టాండులో ఎవరూ పట్టించుకోరు, అదొక సుఖం. మా షెడ్డులో పనిచేసే ముగ్గురి మొహాలూ గుర్తొచ్చాయి. తాళం వేశానని వాళ్ళకి ఎలా చెప్పాలో ఎంత ఆలోచించినా మాటలు దొరకలేదు. చివరికి మంజులకి ఫోన్ చేశాను.

"సల్లగుండు చీటీలు పంపు" అన్నాను.

"పంపుత అక్కా. తిన్నవా ఏమన్న?" అంది.

తినలేదు గాని తిన్నానని చెప్పి పెట్టేశాను.

తెనాలి

ఉగాదికల్లా మా షెడ్డులోంచి సల్లగుండు బయటికొచ్చింది. గడ్డల తొక్కు తీసేది మా ముగ్గురాడవాళ్ళు. నానబెట్టేది, వడకట్టేది, కలిపేది నేను. మొదటి రెండు గంగాళాలూ పారబోశాను. మూడోది కుదిరింది. కొట్లో అర మాకే ఉంది, ఎప్పటికన్నా ఎక్కువే పోతోంది. తయారైంది తెనాలిలో అని చీటీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది చదివినవాళ్ళు నాకింకా తగల్లేదు.

మొన్న మా మేనకోడలి పెళ్ళిలో, గద్వాల చీర కట్టుకుని అది పీటల మీద కూర్చుంటే అందరూ చీర బాగుందన్నారు. భోజనాల దగ్గర మా వీధి చివరింటావిడ నాకో గ్లాసు తెచ్చిచ్చింది. "తాగండి, మీ తోడికోడలిదే" అంది.

నేను ముందురోజే కలిపిన షర్బత్ అది. ఆ గంగాళం నాకు బాగా గుర్తు, నిమ్మ కాస్త తగ్గించాను.

"వనపర్తి నీళ్ళలో ఏముందోనండీ. మీరూ ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నారు గదా, ఒక్కసారన్నా ఇలా వచ్చిందా? ఏమీ అనుకోకండేం" అంది ఆవిడ.

చెప్పెయ్యొచ్చు. నోటిదాకా వచ్చింది. చుట్టూ అందరూ తాగుతున్నారు, పిల్లలు రెండోసారి గ్లాసులు పట్టుకుని వస్తున్నారు. పేరు జూసే కొంటుండ్రు అని మంజుల అననే అంది.

"లేదండీ, నాకెప్పుడూ ఇలా రాలేదు" అన్నాను.

గ్లాసు ఎత్తి తాగాను. బాగుంది. మామిడి వెనకాల నన్నారి వచ్చి, గొంతు దిగాక కూడా కాసేపు నిలిచింది. ఇంత బాగా చేసినావిడ మీద నాకు ఒళ్ళు మండిపోయింది.